సర్వర్ తిరుగుతూనే ఉంటే లోపల ఏం జరుగుతున్నట్టు? ఉమీద్ పోర్టల్ గడువు చెప్పిన పాఠం

2025 డిసెంబర్ మొదటి వారం. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తీతలు సాగుతున్నాయి. మిర్చి చేలు పూత, కాయ మీద ఉన్నాయి. అదే వారంలో దేశమంతటా మస్జిద్ కమిటీలు, దర్గా ముతవల్లీలు, ఖబ్రస్తాన్ పెద్దలు కాగితాల కట్టలు పట్టుకుని కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. వక్ఫ్ ఆస్తుల వివరాలు ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించడానికి గడువు ముగిసిపోతోంది. పేజీ తెరుచుకోదు. తెరుచుకున్నా ఫైలు ఎక్కదు. ఫైలు ఎక్కినా సబ్మిట్ నొక్కిన తర్వాత చక్రం తిరుగుతూనే ఉంటుంది. పోర్టల్ నెమ్మదిగా ఉందని, మధ్యలో ఆగిపోతోందని అప్పట్లో చాలా రాష్ట్రాల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. ఆల్ ఇండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు కూడా గడువు పెంచమని గట్టిగా అడిగింది.

ఉర్దూలో ఉమీద్ అంటే ఆశ. ఆ ఆశ తెర మీద గుండ్రంగా తిరుగుతూ ఉంటే మామూలు మనిషి ఏం చేయాలి? “సర్వర్ హ్యాంగ్ అయింది” అన్న మాట మనం మీ సేవలో వింటాం, సచివాలయంలో వింటాం, స్కాలర్‌షిప్ దరఖాస్తు దగ్గర వింటాం. అసలు హ్యాంగ్ అంటే ఏంటి, ఎందుకు అవుతుంది, దాన్ని బాగుచేసేవాళ్లు ఎక్కడ వెతుకుతారు, అవతల కూర్చున్న మనం ఏం చేయాలి? ఇది తెలిస్తే కనీసం మన హక్కు మన చేతిలోంచి జారిపోకుండా చూసుకోవచ్చు.

ముందు ఉమీద్ లెక్క చూద్దాం

వక్ఫ్ సవరణ చట్టం 2025 ఏప్రిల్ 8న అమల్లోకి వచ్చింది. జూన్ 6న కేంద్ర మంత్రి కిరణ్ రిజిజు ఉమీద్ పోర్టల్ ప్రారంభించారు. అప్పటికే రిజిస్టర్ అయి ఉన్న వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లో అందులో పెట్టాలన్నారు. వివరాలు నింపేవాళ్లు మేకర్, వాటిని సరిచూసేవాళ్లు చెకర్, చివరి ఆమోదం ఇచ్చేవాళ్లు అప్రూవర్. ఇలా మూడు మెట్లు పెట్టారు.

డిసెంబర్ 6న గడువు ముగిశాక కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ లెక్కలు ఇచ్చింది. మొత్తం 5,17,040 ఆస్తుల నమోదు మొదలైంది. వాటిలో 2,16,905 ఆస్తులకు ఆమోదం దొరికింది. మరో 2,13,941 సబ్మిట్ అయి పరిశీలనలో ఉండిపోయాయి. 10,869 తిరస్కరణకు గురయ్యాయి. ఇంకో అంకె ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. చివరి 150 గంటల్లోనే 2,42,463 ఆస్తుల నమోదు మొదలైంది.

ఈ అంకెను కొంచెం విప్పి చూద్దాం. చివరి 150 గంటల్లో గంటకు సగటున 1,600కు పైగా. దానికి ముందున్న దాదాపు ఆరు నెలల్లో గంటకు సగటున 65 మాత్రమే. అంటే చివరి ఆరు రోజుల్లో రద్దీ అంతకు ముందుకన్నా దాదాపు 25 రెట్లు. పైగా ఒక ఆస్తి నమోదు అంటే ఒక్క క్లిక్ కాదు. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, ముతవల్లీ వివరాలు, కాగితాల స్కాన్‌లు ఇలా పేజీ తర్వాత పేజీ ఉంటుంది. సగటు అన్నాక పగలు, రాత్రి కలిసిపోతాయి. జనం అంతా పని చేసుకునే వేళల్లో రద్దీ ఈ సగటు కన్నా ఇంకా చాలా ఎక్కువ.

డౌన్ వేరు, హ్యాంగ్ వేరు

మనం రెండింటినీ ఒకటే అనుకుంటాం. కాదు. సర్వర్ డౌన్ అంటే దుకాణం షట్టర్ దించేసినట్టు. తట్టిన వెంటనే “లేదు” అని తెలిసిపోతుంది. హ్యాంగ్ అంటే షట్టర్ తీసే ఉంది, లోపల మనుషులూ ఉన్నారు, కానీ ఎవరూ పలకడం లేదు. మనం కౌంటర్ దగ్గరే నిలబడిపోతాం. ఇబ్బంది అంతా ఇక్కడే. డౌన్ అయితే రేపు వద్దాం అని వెళ్లిపోతాం. హ్యాంగ్ అయితే ఇప్పుడు పలుకుతారేమో అని గంటలు గంటలు కాచుక్కూర్చుంటాం. “ఇంకా తిరుగుతానే ఉంది చాచా, కాసేపు ఆగండి” అని నెట్ సెంటర్ కుర్రాడు అనే మాట దీని గురించే.

మరి లోపల మనుషులు ఎందుకు పలకరు? పని ఎక్కువై కాదు, చాలాసార్లు. వాళ్లు కూడా ఇంకెవరి కోసమో ఎదురు చూస్తూ ఉంటారు. హ్యాంగ్ గురించి తెలుసుకోవాల్సిన అసలు విషయం ఇదే.

మిర్చి యార్డు లెక్కతో చెప్పుకుంటే

గుంటూరు మిర్చి యార్డు సీజన్ చూసినవాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. లారీలు వరసగా వస్తాయి, టిక్కీలు దిగుతాయి, కాటా వేస్తారు, చీటీ రాస్తారు, సరుకు కోల్డ్ స్టోరేజీకో, ఎగుమతికో కదులుతుంది. యార్డులో పది కాటాలు ఉన్నాయనుకుందాం. ఒక్కో లారీకి పావు గంట పడితే గంటకు 40 లారీలు దాటిపోతాయి. ఇప్పుడు చీటీ మీద ముద్ర వేసే గుమాస్తా ఒక్కడే ఉన్నాడు, ఆయన ఒక కాగితం కోసం ఆఫీసుకు ఫోన్ చేసి పట్టుకుని కూర్చున్నాడు. కాటాలు పది ఉన్నా, హమాలీలు వంద మంది ఉన్నా ఏం లాభం? ప్రతి కాటా మీదా ఒక లారీ సరుకు ముద్ర కోసం ఆగిపోయి ఉంటుంది. కాటా ఖాళీ కాదు, వెనక లారీ ముందుకు రాదు. వరస యార్డు గేటు దాటి రోడ్డు మీదకు వస్తుంది. రోడ్డు మీద నిలబడ్డ రైతుకు “యార్డు ఆగిపోయింది” అనే కనిపిస్తుంది. నిజానికి ఆగింది ఒక్క ముద్ర.

వెబ్ అప్లికేషన్ సర్వర్ కూడా అంతే. దాని దగ్గర పని చేసే చేతులు లెక్క ప్రకారమే ఉంటాయి. వాటిని థ్రెడ్లు అంటారు. చాలామంది వాడే టామ్‌క్యాట్ అనే సర్వర్‌లో ఏ మార్పూ చేయకపోతే అవి 200. మనం సబ్మిట్ నొక్కితే ఒక థ్రెడ్ మన పని పట్టుకుంటుంది. మన వివరాలు డేటాబేస్‌లో రాయడానికి ఒక కనెక్షన్ కావాలి. అవీ లెక్క ప్రకారమే. జావాలో ఎక్కువగా వాడే హికారి అనే కనెక్షన్ పూల్‌లో మామూలుగా ఉండేవి 10 మాత్రమే. అంటే 200 కాటాలకు 10 ముద్రలు. ఆ పదీ ఎక్కడో ఇరుక్కుంటే మిగిలిన 190 చేతులు కూడా ఖాళీగా నిలబడతాయి.

రెండు సెకన్లు ఇరవై అయితే

చిన్న లెక్క ఒకటి. 200 థ్రెడ్లు ఉన్నాయి, ఒక్కో పనికి 2 సెకన్లు. అప్పుడు సెకనుకు 100 మందికి జవాబు చెప్పగలదు. జనం సెకనుకు 50 మంది వస్తున్నారు. హాయిగా నడుస్తుంది, సగం చేతులు ఖాళీ. ఇప్పుడు డేటాబేస్ కొంచెం నెమ్మదించి ఒక్కో పనికి 5 సెకన్లు పట్టింది అనుకోండి. సెకనుకు 50 మంది, ఒక్కొక్కరికి 5 సెకన్లు. అంటే ఒకే సమయంలో 250 చేతులు కావాలి. ఉన్నవి 200. అంతే, వరస మొదలవుతుంది. ఒకసారి మొదలైతే తగ్గదు, ప్రతి సెకనుకూ పెరుగుతుంది.

చూడండి, జనం పెరగలేదు. పని కొంచెం నెమ్మదించింది, అంతే. పొద్దున బాగా నడిచిన సైటు మధ్యాహ్నానికి ఉన్నట్టుండి బిగుసుకుపోవడానికి కారణం ఇదే. జనం కూడా 25 రెట్లు పెరిగితే ఇక చెప్పేదేముంది?

దీనికి తోడు మనం చేసే పని ఒకటుంది. చక్రం తిరుగుతుంటే ఓపిక పట్టలేక రిఫ్రెష్ కొడతాం. మనం వెళ్లిపోయామని సర్వర్‌కు చాలాసార్లు తెలియదు. పాత పని అలాగే ఒక చేతిని పట్టుకుని ఉంటుంది. కొత్త పని ఇంకో చేతిని అడుగుతుంది. ఐదుసార్లు రిఫ్రెష్ కొడితే ఒక్క మనిషి ఐదు లారీలు తెచ్చి వరసలో పెట్టినట్టు. కంగారు పడటంలో తప్పు లేదు, కానీ ఆ కంగారే వరసను ఇంకా పొడుగు చేస్తుంది.

ఎక్కడెక్కడ ఇరుక్కుంటుంది

హ్యాంగ్‌కు కారణాలు వందలున్నా మళ్లీ మళ్లీ కనిపించేవి ఐదారే.

మొదటిది, డేటాబేస్‌లో నెమ్మది వెతుకులాట. అడంగల్‌లో సర్వే నంబర్ల వరస ఉంటే కావలసిన పేజీ వెంటనే తీయొచ్చు. వరస లేకపోతే మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పాలి. డేటాబేస్‌లో ఆ వరసను ఇండెక్స్ అంటారు. వెయ్యి రికార్డులున్నప్పుడు ఇండెక్స్ లేకపోయినా తెలియదు. ఐదు లక్షలు అయ్యాక తెలుస్తుంది.

రెండోది, తాళం. ఒకరు ఒక రికార్డు రాస్తుంటే పూర్తయ్యేదాకా ఇంకొకరు దాన్ని మార్చకుండా డేటాబేస్ తాళం వేస్తుంది. మంచిదే. కానీ తాళం వేసిన పని మధ్యలో ఆగిపోతే వెనక అందరూ ఆగుతారు. మైఎస్‌క్యూఎల్‌లో ఇలా తాళం కోసం ఎదురుచూసే సమయం మామూలుగా 50 సెకన్లు. ఇంకో రకం కూడా ఉంది. ఒక గుమాస్తా దగ్గర రిజిస్టర్ ఉంది, ముద్ర కావాలి. ఇంకో గుమాస్తా దగ్గర ముద్ర ఉంది, రిజిస్టర్ కావాలి. “ముందు నువ్వివ్వు” అంటే “ముందు నువ్వివ్వు” అని ఇద్దరూ కూర్చుంటారు. దీన్ని డెడ్‌లాక్ అంటారు.

మూడోది, బయటి సేవ. ఓటీపీ పంపేది ఒక సంస్థ, ఆధార్ సరిచూసేది ఇంకో సర్వర్, డబ్బు కట్టించుకునేది బ్యాంకు. అవి జవాబు ఇవ్వకపోతే మన సర్వర్ ఎంతసేపు ఆగాలి? ఇన్ని సెకన్లు దాటితే వదిలేయ్ అని ముందే రాసి ఉంచాలి. దాన్ని టైమౌట్ అంటారు. రాయడం మర్చిపోతే కొన్ని ప్రోగ్రాముల్లో అంతు లేకుండా ఎదురుచూస్తూనే ఉంటుంది. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్లు దాటినవాళ్లకు కోవిన్‌లో టీకా నమోదు మొదలైనప్పుడు సైటు తెరుచుకోలేదని, ఓటీపీ రాలేదని దేశమంతా గగ్గోలు పెట్టింది. ఆ ఒక్క రోజే కోటీ 30 లక్షలకు పైగా పేర్లు నమోదయ్యాయి.

నాలుగోది, జ్ఞాపకం నిండిపోవడం. హమాలీలు ఖాళీ గోతాలను ఎప్పటికప్పుడు తీసేయకుండా దారిలోనే పడేస్తూ పోతే సాయంత్రానికి నడవడానికి చోటుండదు. ప్రోగ్రాం కూడా వాడేసిన మెమరీని వదలకపోతే గంటలు గడిచే కొద్దీ ఊపిరాడక, అసలు పని కన్నా సర్దుకోవడంలోనే సమయం గడిపేస్తుంది.

ఐదోది, పెద్ద ఫైళ్లు. పాత వక్ఫ్‌నామాను ఫోన్‌తో ఫోటో తీస్తే ఒక్కో పేజీ 3, 4 ఎంబీ వస్తుంది. 20 ఎంబీ ఫైలు సెకనుకు ఒక మెగాబిట్ వేగం ఉన్న పల్లెటూరి నెట్‌లో ఎక్కడానికి 160 సెకన్లు, అంటే దాదాపు మూడు నిమిషాలు. ముందు నిలబడే ఎన్‌జింక్స్ లాంటి గేట్ సర్వర్ లోపలి నుంచి జవాబు కోసం మామూలుగా 60 సెకన్లు చూసి, తర్వాత 504 గేట్‌వే టైమౌట్ అని తెర మీద పడేస్తుంది. ఆ 504 అంకె కనిపిస్తే అర్థం ఇదీ: గేటు దగ్గర మనిషి ఉన్నాడు, లోపలి మనిషి పలకలేదు.

బాగుచేసేవాళ్లు ఎలా వెతుకుతారు

గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో బీటెక్ చదివి హైదరాబాద్, బెంగళూరులో ఇదే పనిలో ఉన్న పిల్లలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. వాళ్ల అబ్బా, అమ్మీ “రాత్రంతా ఏం చేస్తావురా?” అని అడుగుతారు. వాళ్లు చేసేది కొంచెం హకీం నాడి పట్టడం లాంటిదే.

ముందు చూసేది ప్రాసెసర్ మీద భారం. సైటు పలకడం లేదు, ప్రాసెసర్ మాత్రం నూటికి నూరు పరుగెడుతోంది అంటే ఎక్కడో అనవసరంగా గిరగిరా తిరుగుతోంది, లేదా మెమరీ సర్దుకోలేక అల్లాడుతోంది. సైటు పలకడం లేదు, ప్రాసెసర్ కూడా ప్రశాంతంగా ఉంది అంటే చేతులన్నీ దేనికోసమో ఎదురుచూస్తున్నాయి. ఈ ఒక్క ప్రశ్నతో సగం దారి తేలిపోతుంది.

రెండో పని, థ్రెడ్ డంప్. అంటే ఆ క్షణంలో ప్రతి చేయీ ఏ పని దగ్గర నిలబడి ఉందో ఫోటో తీసినట్టు జాబితా తీయడం. ఒక్క ఫోటో చాలదు. పదేసి సెకన్ల తేడాతో మూడు తీస్తారు. మూడింట్లోనూ అవే థ్రెడ్లు అదే గీత దగ్గర నిలబడి ఉంటే దొంగ అక్కడే ఉన్నాడు. 200లో 190 డేటాబేస్ కనెక్షన్ కోసం చూస్తుంటే, తర్వాత వెతకాల్సింది ఆ పది కనెక్షన్లు పట్టుకుని కూర్చున్నది ఎవరు అని.

మూడో పని, డేటాబేస్‌ను అడగడం. ఇప్పుడు ఏ పనులు నడుస్తున్నాయి, ఏది ఎంతసేపటి నుంచి నడుస్తోంది, ఎవరు ఎవరి కోసం ఆగారు అని డేటాబేసే జాబితా చెబుతుంది. నాలుగోది లాగ్‌లు. రోజూ అదే వేళకు ఆగుతోందా? మొదలుపెట్టిన ఇన్ని గంటలకు ఆగుతోందా? కొత్త మార్పు పెట్టిన రోజు నుంచి ఆగుతోందా? రోజూ అదే వేళకు అయితే ఆ వేళలో నడిచే బ్యాకప్‌నో, రిపోర్టునో అనుమానించాలి. గంటల లెక్కన అయితే మెమరీని, మూసేయకుండా వదిలేసిన కనెక్షన్లను అనుమానించాలి. డిస్కు నిండిందా, తెరిచి ఉన్న ఫైళ్లు హద్దు దాటాయా అన్నది కూడా చూస్తారు. చాలా లినక్స్ యంత్రాల్లో ఆ హద్దు మొదట్లో 1,024 మాత్రమే ఉంటుంది.

కారణం దొరికాక ఒకేసారి పది మార్పులు చేయరు. ఒక్కటి మార్చి చూస్తారు. లేకపోతే ఏ మందుకు జ్వరం తగ్గిందో ఎప్పటికీ తెలియదు.

రీస్టార్ట్ మందు కాదు

అందరూ మొదట చేసేది సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టడం. అప్పటికప్పుడు పని చేస్తుంది. వరసలో ఉన్న లారీలన్నిటినీ వెళ్లగొట్టి గేటు మళ్లీ తీసినట్టు. కానీ ముద్ర వేసే మనిషి ఒక్కడే అయితే గంటలో మళ్లీ అదే వరస. పైగా రీస్టార్ట్ చేసిన క్షణంలో థ్రెడ్ల సాక్ష్యం మొత్తం చెరిగిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు డంప్ తీసి, తర్వాతే రీస్టార్ట్ చేస్తారు. వరసలో ఉన్నవాళ్ల సగం పని ఏమైంది అన్నది ఇంకో ప్రశ్న. అరగంట కూర్చుని నింపిన ఫారం ఎగిరిపోయేది ఇలాంటప్పుడే.

ఇంకో తొందరపాటు, థ్రెడ్లు పెంచేయడం. 200ను 2,000 చేస్తే డేటాబేస్ మీద ఒకేసారి రెండు వేల మంది పడతారు. అది ఇంకా నెమ్మదిస్తుంది. ముద్రలు పెంచకుండా కాటాలు పెంచితే లాభం లేదు.

సరైన వైద్యం వేరేగా ఉంటుంది. ఇండెక్స్ పెట్టడం, ప్రతి బయటి సేవకూ టైమౌట్ రాయడం, వాడిన కనెక్షన్‌ను వెంటనే తిరిగి ఇవ్వడం, పెద్ద ఫైళ్లను వేరే దారిలో తీసుకుని తీరిగ్గా సర్దుకోవడం, రద్దీ మరీ ఎక్కువైతే “మీ ముందు ఇంతమంది ఉన్నారు” అని చెప్పి బయటే కూర్చోబెట్టడం. అన్నిటికన్నా ముందు, గడువు రోజున ఎంతమంది వస్తారో లెక్కగట్టి, అంత భారం ముందే వేసి పరీక్షించడం.

ఇది కుదరని పని కాదు. అమెరికాలో ఆరోగ్య బీమా సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్ 2013 అక్టోబర్ 1న మొదలైంది. మొదటి రోజు లక్షల మంది వస్తే నమోదు పూర్తి చేయగలిగింది 6 మంది. అందరూ ముందు ఖాతా తెరవాల్సిన లాగిన్ దగ్గరే పెద్ద ఇరుకు. తర్వాత బయటి నుంచి ఇంజినీర్లను పిలిపించి, ఎక్కడ ఎంత ఆలస్యమో కనిపించేలా కొలతలు పెట్టి, రోజూ సమావేశమై ఒక్కొక్కటీ సరిచేశారు. రెండు నెలల్లో, డిసెంబర్ 1 నాటికి పేజీ జవాబు సమయం 8 సెకన్ల నుంచి ఒక సెకను లోపుకు, తప్పులు 6 శాతం నుంచి ఒక శాతం లోపుకు వచ్చాయి. ముందు కొలిచారు, తర్వాత సరిచేశారు.

అవతల కూర్చున్న మనం ఏం చేయాలి

సర్వర్ మన చేతిలో లేదు. కానీ కొన్ని మన చేతిలో ఉన్నాయి.

చివరి వారం దాకా ఆగొద్దు. ఉమీద్ లెక్కల్లో మొదటి నెలల్లో గంటకు సగటున 65 అన్నది గుర్తుంచుకోండి. అప్పుడు కూర్చున్నవాళ్లకు చోటు ఉంది. తప్పని పరిస్థితి అయితే వేళ మార్చండి. అందరూ కూర్చునేది పగలు 11 నుంచి సాయంత్రం దాకా. తహజ్జుద్‌కు లేచేవాళ్లకు, ఫజర్ తర్వాత మేలుకుని ఉండేవాళ్లకు ఖాళీ వేళ దొరుకుతుంది.

వివరాలన్నీ ముందే ఒక పుస్తకంలోనో, ఫోన్‌లోనో రాసి పెట్టుకోండి. పేజీ తెరిచాక సర్వే నంబరు కోసం బీరువా వెతికితే ఈలోగా సెషన్ ముగుస్తుంది. కాగితాలను స్కాన్ చేసి, చదవడానికి వీలుగా ఉంటూనే చిన్న సైజు పీడీఎఫ్‌లుగా చేసుకోండి. డ్రాఫ్ట్ సేవ్ చేసే వీలుంటే ప్రతి పేజీకీ సేవ్ చేయండి.

సబ్మిట్ ఒక్కసారే నొక్కండి. చక్రం తిరుగుతుంటే రెండు మూడు నిమిషాలు ఆగండి. తర్వాత అదే పేజీని మళ్లీ పంపకుండా, వేరే ట్యాబ్‌లో లాగిన్ అయి మన దరఖాస్తు ఎక్కిందో లేదో చూడండి. చాలాసార్లు పని అయిపోయి ఉంటుంది, జవాబు మాత్రం మన దాకా రాదు. డబ్బు కట్టే చోట ఇది మరీ ముఖ్యం. ఖాతాలో డబ్బు పోయిందా అని చూడకుండా రెండోసారి కట్టొద్దు.

ఇంకో జాగ్రత్త. సైటు పని చేయని రోజుల్లోనే మోసగాళ్లకు పండగ. “మేం హెల్ప్‌లైన్, మీ పని మేం చేస్తాం, ఓటీపీ చెప్పండి” అని ఫోన్ వస్తే పెట్టేయండి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు.

స్క్రీన్‌షాట్ ఎందుకు తీయాలి

అన్నిటికన్నా ఎక్కువగా గుర్తుంచుకోవాల్సింది ఇది. 2025 డిసెంబర్ 1న ఉమీద్ గడువు పెంచాలన్న దరఖాస్తులు సుప్రీంకోర్టులో జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ అగస్టిన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం ముందుకు వచ్చాయి. పోర్టల్‌లో ఇబ్బందులు ఉన్నాయని లాయర్లు చెప్పారు. కోర్టు అందరికీ కలిపి గడువు పెంచలేదు. చట్టంలోని 3బి సెక్షన్ కింద దారి ఉందని, వక్ఫ్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చని చెప్పింది. ఆ సెక్షన్ ప్రకారం ముతవల్లీ దరఖాస్తు పెట్టుకుని, సమయానికి నింపలేకపోవడానికి తగిన కారణం ఉందని ట్రిబ్యునల్‌ను ఒప్పిస్తే, ఆరు నెలలకు మించకుండా అదనపు సమయం ఇవ్వొచ్చు. ప్రయత్నించి కూడా పూర్తి చేయలేకపోయినవాళ్ల మీద మూడు నెలల పాటు జరిమానా, కఠిన చర్య ఉండవని కేంద్ర మంత్రి కూడా ప్రకటించారు.

రెండు చోట్లా ప్రశ్న ఒకటే: మీరు ప్రయత్నించారా? తగిన కారణం ఏమిటి? “సర్వర్ పని చేయలేదు సార్” అని నోటితో చెబితే, అవతలివాళ్లు “ఫలానా రోజు ఇన్ని వేల నమోదులు జరిగాయిగా” అంటారు. అదీ నిజమే, ఇదీ నిజమే. హ్యాంగ్ అయ్యే సర్వర్ అందరికీ ఒకేసారి ఆగదు. వరస ముందున్నవాళ్లకు పని అవుతుంది, వెనకున్నవాళ్లకు కాదు. కాబట్టి మన దగ్గర ఆగిందని చూపించాల్సిన పని మనదే అవుతుంది.

అందుకే తేదీ, సమయం కనిపించేలా తెర మొత్తం స్క్రీన్‌షాట్ తీయండి. 504 లాంటి అంకె ఉంటే అది పడేలా చూడండి. ఒక నోట్‌బుక్‌లో ఏ రోజు, ఏ గంటకు, ఎవరు, ఏ పేజీ దాకా వెళ్లారు, ఏ మాట వచ్చింది రాయండి. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసి వదిలేయకుండా ఈమెయిల్ కూడా పంపండి, ఫిర్యాదు నంబరు దాచండి. వచ్చిన ఓటీపీ మెసేజ్‌లు చెరిపేయొద్దు, వాటి మీద సమయం ఉంటుంది. వక్ఫ్ బోర్డుకు ఒక అర్జీ రాసి ముద్ర వేసిన కాపీ తీసుకోండి. వీటితో ట్రిబ్యునల్ గెలుపు ఖాయమని కాదు. ఇవి లేకపోతే చెప్పుకోవడానికే ఏమీ ఉండదు.

ఇది వక్ఫ్ ఒక్కదానికే కాదు. 2025-26 సీజన్ నుంచి సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసి స్లాట్ తీసుకోవాలి. 2025-26లో పొడుగు పింజ పత్తికి ప్రకటించిన క్వింటాల్ 8,110 రూపాయల మద్దతు ధర ఆ స్లాట్ దాటితేనే రైతు చేతికి వచ్చేది. హజ్ దరఖాస్తు, పిల్లల స్కాలర్‌షిప్, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్, అన్నీ ఇప్పుడు ఒక సర్వర్ గుండానే వెళ్తాయి. గడువు తేదీ వేసినవాళ్లు ఆ తేదీన వచ్చే వరసకు సరిపడా యంత్రాన్ని పెట్టాలని అడగడం మన హక్కు. గంటకు 65 దగ్గర మొదలై 1,600 దాకా పోయే వరస గడువున్న ప్రతి పోర్టల్‌కూ వస్తుంది, అది ముందే తెలిసే విషయమే.

మన వైపు నుంచి ఒక పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ప్రతి మస్జిద్ కమిటీలో కంప్యూటర్ తెలిసిన ఇద్దరు పిల్లలను ఎంచి, ఊళ్లోని మస్జిద్, ఈద్గా, ఖబ్రస్తాన్, ఆషూర్‌ఖానా కాగితాలన్నీ ఒక్క జుమా రోజు కూర్చుని స్కాన్ చేయించండి. సర్వే నంబర్లు, హద్దులు, గెజిట్ కాపీలు ఒక ఫోల్డర్‌లో పెట్టి ముగ్గురి దగ్గర మూడు కాపీలు ఉంచండి. ఈసారి ఏ గడువు వచ్చినా మొదటి వారంలోనే కూర్చోవడానికి అదే చాలు.